పట్టికలో పక్క వరుస

"ఎక్కడ దాచావో చెప్పు," అంది ఆర్డిస్, కొలీన్ పరుపు కింద చెయ్యి పెట్టి తడుముతూ.

సొరుగులు అప్పటికే మంచం మీద బోర్లించి ఉన్నాయి. మేజోళ్ళు, అల్లిక సూదులు, ఉన్ని ఉండలు, నాలుగు ఉత్తరాలు. తినేది మాత్రం ఒక్క ముక్క లేదు. కొలీన్ గోడకి ఆనుకుని చేతులు నలుపుకుంటోంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, బడి పిల్లలా నిలబడింది.

నార్త్ డకోటాలోని ఆ పరిశోధనాలయంలో ఐదు నెలలు ఉండటానికి ఒప్పుకుని పన్నెండు మంది ఆడవాళ్ళు వచ్చారు. అందరూ గుండ్రాయిలా ఉన్నవాళ్ళే. వాళ్ళ వంటశాలకి ఆర్డిస్ పెద్ద. గ్రాములో పదోవంతు దాకా తూచి వడ్డిస్తుంది. తిన్నాక ప్లేటు రబ్బరు గరిటెతో గీకి తినాలి, గ్లాసు తొలిచిన నీళ్ళు కూడా తాగాలి. మొదటి వారం సిగ్గుపడతారు, తర్వాత అలవాటైపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకి ఏ పోషకం ఎంత కావాలో చెప్పే పట్టిక ఒకటి వంటశాల గోడమీద ఉంది. అందులో రాగి ఖనిజం గడి ఇంకా ఖాళీగానే ఉంది. బిందెలు చేసే ఆ రాగే, మన ఒంటికీ ఆవగింజలో ఆవంత కావాలి. ఈ పన్నెండు మందికి ఎంతెంత కావాలో తేల్చి, సగటు తీసి, నూటికి తొంభై ఏడు మందికి సరిపోయేలా దానిమీద ఇంకాస్త వేసి ఆ గడి నింపాలి. "మీలో ఒక్కరు దొంగతిండి తిన్నా దేశమంతా తప్పు లెక్క తింటుంది," అని ఆర్డిస్ మొదటిరోజే అందరికీ చెప్పింది.

ఇప్పుడు కొలీన్ రక్తంలో రాగి పెరుగుతోంది. తిండిలో రాగికి కోత పెట్టాక అది తగ్గాలి, లేదా ఉన్నచోట ఉండాలి. మూడు వారాలుగా మెట్లెక్కినట్టు పైకి పోతోంది. అంటే రాగి ఎక్కువుండే లివరో, జీడిపప్పో, చాక్లెట్టో ఎక్కడో నోట్లో పడుతోందన్నమాట.

ఆర్డిస్‌కి కడుపు మండిపోయింది. కొలీన్ తనకి చర్చిలో పరిచయం. ఈ పిల్లకి నేను హామీ అని డాక్టరుతో చెప్పి చేర్పించింది తనే. ఆమె మోసం చేసిందని తేలితే ఇన్నాళ్ళ లెక్కలూ చెత్తబుట్టలోకి పోతాయి, వాటితోపాటు ఆర్డిస్ మాటా పోతుంది.

"నమ్మించి గొంతు కోశావు కదే," అంది.

"తిండి విషయంలో మిమ్మల్ని మోసం చెయ్యలేదండీ," అంది కొలీన్ తలెత్తకుండా. "ఒట్టు."

"మరి ఆ రాగి గాల్లోంచి వచ్చిందా?"

కొలీన్ ఏడ్చింది.

వార్డులో తినే వీల్లేదు. మిగిలింది బయట. సినిమాకి వెళ్ళినా, ఉన్ని కొట్టుకి వెళ్ళినా పక్కన పరిశోధనాలయం తరఫున ఒక తోడు మనిషి ఉండాల్సిందే. కొలీన్‌కి తోడు వెళ్ళేది హార్లన్. హార్లన్ ఎవరో కాదు, ఆర్డిస్ మొగుడే. స్కూలు బస్సు నడపడం మానేసి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటుంటే ఆర్డిస్సే ఈ పని ఇప్పించింది. నిప్పులాంటి మనిషి.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర ఆర్డిస్ హార్లన్‌ని అడిగింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు, నీ కళ్ళు కూడా కప్పి ఉంటుంది, గుర్తు తెచ్చుకో అంది. హార్లన్ చేతిలోని ఫోర్కు కింద పెట్టాడు. ఆమె బయట మంచినీళ్ళు కూడా ముట్టలేదన్నాడు. అన్యాయంగా గెంటెయ్యకండి, పాపం అన్నాడు.

"నోటిమాట డాక్టరుకి చాలదు. రాసివ్వు," అంది ఆర్డిస్.

హార్లన్ కాసేపు కిటికీలోంచి మంచుకేసి చూశాడు. తర్వాత కాగితం తెచ్చుకుని రాశాడు. పరాయి పిల్ల కోసం ఎంత తాపత్రయపడుతున్నాడో అనిపించి, ఆర్డిస్ ఆయన ప్లేటులో ఇంకో బంగాళాదుంప వేసింది. ఆయన తినలేదు.

పొద్దున్నే డాక్టర్ నెల్విక్ గదికి పిలిపించింది. ఆవిడ ఎప్పుడూ నవ్వదు, ఆ రోజు అసలే నవ్వలేదు.

"మనం ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకోవాలి ఆర్డిస్. ఆమె గింజ కూడా దొంగిలించలేదు."

"మరి రాగి?"

"కడుపుతో ఉంటే రక్తంలో రాగి దానంతటదే పెరుగుతుంది. మీ గోడమీది పట్టికలో గర్భిణులకి పక్కనే వేరే వరుస ఉంది కదా, ఆమె అందులోకి మారింది. రెండో నెల."

ఆర్డిస్ గుండెల మీంచి బండ దిగినట్టయింది. వెంటనే సిగ్గూ వేసింది. పిచ్చిదాన్ని, పరుపులు తిరగేశాను అనుకుంది. వెళ్ళి ఆ పిల్ల చేతులు పట్టుకుని తప్పయిందని చెప్పాలనుకుంది.

డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వచ్చేముందు పరీక్ష చేశాం, అప్పుడు లేదు. వచ్చి నాలుగు నెలలు కావస్తోంది. వార్డులోకి మగపురుగు రాదు. బయట ఎవరినైనా కలుస్తోందా? తోడు వెళ్ళినవాళ్ళు ఏమైనా చెప్పారా?"

"ఎవర్నీ కలవదండీ. మావారు రాసి కూడా ఇచ్చారు," అంటూ ఆర్డిస్ జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, పైకి చదివింది.

"కొలీన్ బయట గడిపిన ప్రతి నిమిషమూ నాతోనే గడిపింది. మూడో మనిషి దగ్గరికి రాలేదు. ఇట్లు, హార్లన్."