సారమ్మ మూర

"నా చెయ్యికే తాళం ఏస్తవా సార్?" అని సారమ్మ మోచెయ్యి ముందుకు సాపింది.

ఉప్పల్ మెట్రో కింద పూల గంపల వరుస మొత్తం నవ్వింది. కామరాజు నవ్వలె. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌కు ఆ నవ్వు కొత్త కాదు. చంకల మీటరు కట్టెల కట్ట, పొద్దటి సంది నిలబడి నిలబడి గుంజుతున్న మోకాళ్లు, మీదికెల్లి మెట్రో మోత.

"తాళం కాదమ్మా. మూర చెల్లదు. మీటరు పెట్టి అమ్మండి. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎన్నిసార్లన్న చెప్పు. జీతమిస్తున్నరు గదా."

పక్క గంప బాలమణి అందుకుంది. "సార్, ఇంట్ల మేడం గూడ మల్లెపూలు సెంటీమీటర్ల లెక్కనే పెట్టుకుంటదా?"

మళ్ల నవ్వులు.

నిజానికి కామరాజుకు ఈ లొల్లి అక్కర్లేదు. కానీ ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు. ఎవరో ఆడపిల్ల. పేరు చెప్పదు. "సార్, ఉప్పల్ల ఒక్కొక్కల మూర ఒక్కొక్క తీరుగున్నది, మీరెందుకు పట్టించుకుంటలేరు" అని మెల్లగ, మర్యాదగ అడుగుతది. తిట్టేటోళ్లతోని బాధ లేదు, మర్యాదగ అడిగేటోళ్లే వదలరు. ఆఖరికి పై ఆఫీసరు గడువు పెట్టిండు. శనివారం లోపల వింటే సరి, లేకుంటే గంపలు జప్తు.

గంపలు ఎత్తుకపోవుడంటేనే కామరాజుకు మనసొప్పదు. ఆఫీసు వరండాల పూలు వాడిపోతుంటె, మెట్ల మీద ఆడోళ్లు కొంగు నోట్ల కుక్కుకోని కూసుంటరు. ఒకసారి చూసిండు. చాలు.

అందుకే ఫోన్ల సంగతి చెప్పి సారమ్మను పట్టుకున్నడు. ఆమె మారితే వరుస మారుతది. కానీ అందరికంటె నష్టం గూడ ఆమెకే. మనిషి పొడుగు, చెయ్యి ఇంకా పొడుగు. చిల్కానగర్, హబ్సిగూడ ఆడోళ్లు పనిగట్టుకోని సారమ్మ మూర కోసమే ఇక్కడిదాక వస్తరు.

"ఆ ఫోన్ చేసేదెవతో గని, దాని నోట్ల మన్నువడ" అని తిట్టుకుంట సారమ్మ మల్లెదండను మోచేతి దాక గుంజింది. గుంజి, భుజం పట్టుకుని మూలిగింది.

"నొప్పా?"

"పెండ్లయిన కాన్నుంచి ఇదే పని. అరిగిపోదా మరి."

"ఇంట్లో ఎవరూ లేరా కూర్చోడానికి?"

"బిడ్డ ఉన్నది, దోర్కా. నాచారంల కంపెనీల మిషన్ మీద పని చేసేది. మానేసింది. ఇప్పుడు ఇల్లు కదలదు."

"వచ్చి ఇక్కడ కూర్చోమను మరి."

సారమ్మ పూల మీద నీళ్లు చల్లింది. "అందరు మూరనే అడుగుతరు సార్" అన్నది.

ఆ మాటకు ఈ మాటకు సంబంధమేందో కామరాజుకు తెలువలె. అడిగే ఓపిక గూడ లేదు. స్టూలు మీద కూలబడి, ఆఖరిసారి మొత్తుకున్నడు.

"చూడమ్మా. ఈ కట్టెకి పొడుగు చెయ్యి, పొట్టి చెయ్యి తేడా లేదు. నువ్వు కొలిచినా, నేను కొలిచినా, ఎవరు కొలిచినా ఒకటే. అసలు చేత్తో పనే లేదు."

సారమ్మ చేతిల దండ ఆగిపోయింది.

"ఎవలు కొలిసినా?"

"ఎవరు కొలిచినా."

"మరి అందరు పెట్టాలె గదా. ఒకలు కట్టె, ఒకలు చెయ్యి అంటె గిరాకి చెయ్యి దిక్కే పోతది."

"అందరూ పెట్టాలనే కదమ్మా నేను చెప్పులరిగేలా తిరిగేది."

"ఒకటి ఇటియ్యి." కట్టె తీసుకుని అటుఇటు తిప్పి చూసింది. "దీని మొదట్ల ఒక మేకు కొడ్త."

"ముద్ర వేసిన కట్టె. మేకులు కొట్టకూడదు."

"కట్టెకు గాదు సార్, కట్టె కింద పెట్టే పలకకు. దండ కొస తగిలిస్త. నీకేం పోయింది?"

కొట్టుకోమని, కట్టెల కట్ట గూడ ఆమె దగ్గరనే పెట్టి పోయిండు. వాదులాడనీకె పాణం లేదు.

శనివారం జప్తు జీపు దిగిన కామరాజు నడుస్తున్నోడల్లా నిలబడిపోయిండు. ప్రతి గంప ముందట ఒక కట్టె.

"అంత సారమ్మే చేసింది" అని బాలమణి మూతి తిప్పింది. "కట్టె పెట్టకుంటె నా పక్కన కూసోకన్నది. ఒకలిద్దరి గంపలైతె రోడ్డు మీదికి నెట్టింది. నీ సర్కారే నయం సార్."

ఎన్ని రోజులకో కామరాజుకు నవ్వొచ్చింది. జీపును వాపసు పంపిచ్చిండు.

సారమ్మ జాగల మాత్రం సారమ్మ లేదు. ఒక ఆడపిల్ల, భుజాల నిండ చున్నీ కప్పుకుని కూసుంది. దండ కొస మేకుకు తగిలిచ్చి, కట్టె ఎంబడి పరిచి, కత్తెరతోని కత్తిరిచ్చింది. అంత ఎడమచేత్తోనే. ఎడమచేతి వాటమేమో అనుకున్నడు. కొన్నామె మారుమాట లేకుండ పోయింది.

"దోర్కావా? మీ అమ్మ ఏదీ?"

"ఇంట్ల పండుకున్నది సార్, మస్తు రోజులకు. కొలత సరిగ్గనే ఉన్నదా, జర చూడున్రి."

మెల్లగ, మర్యాదగ. ఆ గొంతు ఆయనకు బాగ తెలుసు.

"ఆ ఫోన్లు నువ్వేనా? కన్నతల్లి మీదా?"

దోర్కా ఇంకో దండ కోసం వంగింది. చున్నీ జారింది.

కుడిచెయ్యి మోచేతి దాకనే ఉన్నది.