నడుస్తాడు

"మా తెలుగులో 'నడుస్తాడు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి."

అప్పీలులో కృష్ణప్రసాద్ రాసిన మొదటి వాక్యం అది. ఆ తర్వాత ఇలా రాశాడు: "ఇప్పుడు నడుస్తున్నాడని ఒకటి. ముందు ముందు నడుస్తాడని ఇంకొకటి. నా భార్య చెప్పింది రెండోది. దుభాషి ఇంగ్లీషులో చెప్పింది మొదటిది. అందువల్ల మా అబ్బాయికి పార్కింగ్ లేబుల్ రాలేదు."

రాసింది మళ్లీ చదువుకున్నాడు. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చింది తనొక్కడే. హైస్కూల్లో ఉన్నప్పుడే వీధిలో అందరికీ అర్జీలు రాసిపెట్టేవాడు. సొంత కొడుకు కోసం రాయడం ఇదే మొదలు.

నిశాంత్‌కి ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే కాళ్లలో పట్టు లేదు. చక్రాల కుర్చీ దింపి వాణ్ని అందులో కూర్చోబెట్టాలంటే కారు తలుపు పూర్తిగా తెరవాలి. మామూలు పార్కింగ్ గడిలో అది తెరుచుకోదు. వెడల్పు గడులు లేబుల్ ఉన్నవాళ్లకే. అందుకని దారిలోనే కారు ఆపి, వాణ్ని దింపి, ఏ స్తంభం పక్కనో ఒంటరిగా ఉంచి, పార్క్ చేసి పరిగెత్తుకు రావాలి.

లేబుల్ కుదరదని ఉత్తరం వచ్చిన వారానికే ఒక వ్యాను రివర్సులో వచ్చి కుర్చీకి కొట్టింది. కుర్చీ పక్కకి ఒరిగింది. కృష్ణప్రసాద్ వెళ్లేసరికి పిల్లాడు రెండు చేతులతో స్తంభాన్ని వాటేసుకుని ఉన్నాడు.

"ఐయాం ఓకే లా, డాడీ" అన్నాడు సింగపూర్ యాసలో.

ఆ మర్నాడే అప్పీలు కోసం, లేబుల్ ఆఫీసులో వాడికి చేసిన నడక పరీక్ష రిపోర్టు తెప్పించాడు. అందులో రెండే ముక్కలు. పట్టుకుని ఆరడుగులు వేశాడు. ఇంట్లో నడుస్తాడని తల్లి చెప్పింది.

"అలా ఎలా చెప్పావు?" అని అడిగాడు భార్య అరుంధతిని. పరీక్ష రోజునే అతను పనిచేస్తున్న బ్యాంకు ప్రాజెక్టు వాడకంలోకి వచ్చింది. అతనికి సెలవు దొరకలేదు.

"నడుస్తాడా అని అడిగారు. వాడి ముందు నడవలేడని ఏ నోటితో అనమంటారు? ఈ ఇంట్లో ఆ మాట ఏనాడైనా అన్నామా? నడుస్తాడనే అన్నాను."

"మరి దాన్ని ఇంగ్లీషులో చెప్పిందెవరు?"

అరుంధతి పొయ్యి వైపు తిరిగింది. "ఇప్పుడవన్నీ ఎందుకండీ. అయిపోయిందిగా."

ఆవిడ చెప్పక్కర్లేదు. ఆ రోజు తోడు వెళ్లింది పైఅంతస్తు యర్రయ్య. ముత్తాతల నాడే సింగపూర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన తెలుగులో సగం తమిళం, కొంత మలాయ్. చోవా చూ కాంగ్‌లో వాళ్ల బ్లాకు లిఫ్టు దగ్గర ఎవరు కనిపించినా "మకాన్ అయిందా?" అని భోజనం సంగతి అడగందే వదలడు.

ఆ సాయంత్రం కూడా అడిగాడు.

"మకాన్ సంగతి తర్వాత, అంకుల్. మీకు తెలుగు సరిగ్గా రాదని అక్కడ ఒప్పుకుంటే ఏం పోయేది?"

యర్రయ్యకి మొదట అర్థం కాలేదు. రిపోర్టు చూపించి చెప్పాడు కృష్ణప్రసాద్. ఆయన రిపోర్టు మడిచి అతని చేతిలో పెట్టాడు. లిఫ్టు వచ్చి వెళ్లిపోయింది.

"తప్పే, అబ్బాయ్" అన్నాడు చివరికి. "మాది పాత తెలుగు. మా ఆవిడే నవ్వుతుంది. నన్ను తిట్టు. ఇంకెవర్నీ ఏమీ అనబోకు."

"తిట్టడం కాదు. కంప్లైంట్ ఇస్తా. మిమ్మల్ని ఇంకెప్పుడూ ఏ తల్లి పక్కనా కూర్చోబెట్టకూడదు."

"అట్లాగే. ఇయ్యి" అన్నాడు యర్రయ్య. మెట్ల మీదుగా వెళ్లిపోయాడు, డెబ్బై ఏళ్ల మనిషి.

అప్పీలు విన్న ఆఫీసరు ఒక చైనీస్ ఆవిడ. మొదటి వాక్యం రెండుసార్లు చదివింది. 'నడుస్తాడు' అని పలకబోయి ఆగిపోయింది.

"ఇవాళ్టికీ, ఎప్పటికో వచ్చే రోజుకీ ఒకటే మాటా?"

"ఒకటే, మేడం."

"బాబుని మళ్లీ పరీక్షకి తీసుకురండి. ఈసారి మీరూ రండి. లేబుల్ వస్తుందనే అనుకుంటున్నాను."

కృష్ణప్రసాద్‌కి కళ్లు చెమ్మగిల్లాయి. థాంక్స్ చెప్పి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

"మేడం, నా కంప్లైంట్ సంగతి? మా అబ్బాయిని ఆ వ్యాను దారిలోకి తోసింది ఆ మాట మార్చిన మనిషే. ఊరికే వదలను."

ఆవిడ ఫైలు తిప్పి ఒక కాగితం దగ్గర ఆగింది.

"తెలుగుకి మా దగ్గర ఎవరూ లేరు. ఆ రోజు గది లోపలున్నవాళ్లనే అడిగాం. అడగకూడదు. తప్పు మాది. మీరా పేరు చూడకండి."

"పేరు నాకు తెలుసు, మేడం. పెద్దాయనే. సంతకం చూపించండి, చాలు."

ఆవిడ కాగితం అతని వైపు తిప్పింది.

దుభాషి సంతకం అన్న చోట, గీత దాటి కిందికి జారిపోయిన పెద్ద పెద్ద అక్షరాల్లో, నిశాంత్ అని ఉంది.