ఎర్ర చీటీ

తలుపు తీసేసరికి గుమ్మంలో చెత్తసంచి కూర్చుని ఉంది. పొద్దున్న ఏడున్నరకి బినిత తనే కిందకి మోసుకెళ్లి, కాకులు పీకకుండా వల కప్పి వచ్చిన సంచి. ఇప్పుడు ఎర్ర చీటీ అంటించుకుని మళ్లీ మెట్లెక్కి వచ్చేసింది. 'వేరు చేయలేదు, తీసుకెళ్లం' అని చెత్తబండి వాళ్ల చీటీ. దాని పక్కనే చేత్తో రాసిన కాగితం ఒకటి: 'సీసా వేరు. మూత వేరు.' కష్టమైన జపాను అక్షరం ఒక్కటీ లేకుండా, పసిపిల్లలకి రాసినట్టు పెద్దపెద్దగా రాసి ఉంది.

"మళ్లీ ఆవిడే. కింద వాటా కువాబారా గారు," అంది బినిత.

మిలన్ బూట్లు తొడుక్కుంటున్నాడు. స్టేషన్ పక్కన 'ఇండియా భోజనం' అని బోర్డున్న హోటల్లో అతను వంటవాడు. ఆ హోటల్లో యజమాని నుంచి గిన్నెలు కడిగేవాడి దాకా అందరూ నేపాలీలే.

"ఎవరు రాస్తే ఏంటి? మూత తీసి మళ్లీ పెట్టు," అన్నాడు.

"పెరుగు డబ్బా కడిగాను. సీసా మీద కాగితం ఊడదీశాను. ఒక్క మూత మర్చిపోతే ఇంత రాద్ధాంతమా? అయినా ఇది మన సంచి అని ఆవిడకెలా తెలిసింది? విప్పి చూస్తుందన్నమాట!"

"సంచి మీద గురుంగ్ అని మన ఇంటిపేరు రాసింది నువ్వే కదే."

నిజమే. ఆ ఊళ్లో సంచి మీద పేరు రాయకపోతే బండి వాళ్లు ముట్టుకోరు. బినితకి ఇంకా ఒళ్లు మండింది.

"నెల తిరక్కుండా మూడోసారి. గురువారం వీసా పొడిగింపుకి కాగితాలు ఇవ్వాలి. ఈవిడ వెళ్లి అక్కడ చెబితే?"

"చెత్త గురించి వీసా ఆఫీసులో ఎవరు చెబుతారే!" అన్నాడు గానీ అతని గొంతులో ధీమా లేదు. పోయిన నెల ఇంటి ఏజెంటు ఫోన్ చేసి, ఇరుగుపొరుగు నుంచి ఫిర్యాదు వచ్చిందన్నాడు. ఎవరని అడిగితే నీళ్లు నమిలాడు. వీసా పొడిగించకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. పాపని బడిలో వేసి మూడు నెలలైంది.

ఆ సాయంత్రం బినిత పప్పులోకి వెల్లుల్లి వేయిస్తూ కిటికీలోంచి చూసింది. మెట్ల దగ్గర కువాబారా నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఊదారంగు టోపీ. మొహం పైకెత్తి, కళ్లు మూసుకుని గాలి పీలుస్తోంది. బినిత చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది.

"ఏమైనా కావాలాండీ?"

ముసలావిడ ఉలిక్కిపడి, నడుం విరిగేంతగా వంగి నమస్కారం చేసింది.

"గురుంగ్ గారూ, వెల్లుల్లి వేయించేటప్పుడు కిటికీ మూసుకోండి. ఇక్కడివాళ్లకి ఈ వాసన పడదు."

"మీకా, పడనిది?"

"నా సంగతి కాదు."

"చెత్త కూడా మీరే పైకి మోసుకొస్తున్నారు. మీకెందుకండీ అంత శ్రమ?"

"ఎనిమిదిన్నరకి ఇంటి యజమాని కుక్కని తిప్పుతూ అటే వస్తాడు." కువాబారా గొంతు తగ్గించింది. "ఇక్కడ ఒకసారి చెడ్డపేరు వచ్చిందంటే నలభై ఏళ్లయినా పోదు."

అదెంత మర్యాదైన బెదిరింపో అనిపించింది బినితకి. రాత్రి మిలన్ అన్నం తింటుంటే వెళ్లగక్కింది.

"దేశమంతా తన బాబు సొత్తయినట్టు మాట్లాడుతుందండీ ఆవిడ!"

గురువారం రెండు రైళ్లు మారి బినిత వీసా ఆఫీసుకి చేరింది. హాలు కిటకిటలాడుతోంది. ఆమె చీటీ రెండువందల పద్నాలుగు. ఒక చేతిలో దరఖాస్తులు, ఇంకో చేతిలో విదేశీయులు గడప దాటితే దగ్గర ఉంచుకోవాల్సిన కార్డు. చెమటకి కార్డు జారిపోతోంది. ధైర్యం చెప్పడానికి మిలన్ ఫోన్ చేశాడు. అంతలో ముందు వరసలో ఊదారంగు టోపీ కనిపించింది.

"ఆవిడొచ్చింది!"

"ఎవరు?"

"కువాబారా! ఒళ్లో కాగితాల కవరు కూడా ఉంది."

"జపాను ఆవిడకి అక్కడేం పనే?"

"ఏం పనంటారేంటి, నా పనే! నేను చెబితే కొట్టిపారేశారు కదా!"

"వెళ్లి బతిమాలుకో," అన్నాడు మిలన్.

బినిత వెళ్లి ఆ టోపీ ముందు వంగింది.

"కువాబారా గారూ, దయచేసి వీళ్లకేం చెప్పకండి. మూతలు తీస్తాను. కిటికీ మూస్తాను. పాప ఇప్పుడిప్పుడే బడికి అలవాటు పడుతోంది."

కువాబారా మొహం పాలిపోయింది. కవరు గబగబా వెనక్కి దాచి, చుట్టూ ఒకసారి చూసింది.

"నేనేం చెబుతాను?" అంది. "మీరూ చెప్పకండి. మన వాటాల్లో ఎవరికీ చెప్పకండి."

"నేనేం చెప్పాలండీ?"

రెండువందల పదమూడు అని మైకులో పిలిచారు. కువాబారా లేచింది. టోపీ తీసి, జుట్టు సవరించుకుని, కౌంటరు ముందు నడుం విరిగేంతగా వంగింది. ఫిర్యాదు చేయబోతూ కూడా ఎంత వినయమో అనుకుంది బినిత.

ఆవిడ చేతిసంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది, అచ్చం బినిత చేతిలో ఉన్నదాని లాంటి కార్డే.