బూరెను కూడా ఒప్పుకోవాలి

"ఆ కుక్క సంగతి తీసెయ్ నాయనా. పెళ్లయినాక నిదానంగా చెప్పుకోవచ్చు," అంది సుశీలమ్మ, కొడుకు భుజం మీదుగా ఫోనులోకి తొంగి చూస్తూ.

క్రాంతి కుమార్ తీసెయ్యలేదు. పెళ్లి సంబంధాల యాప్‌లో 'మీ గురించి' అన్న చోట తాను రాసింది ఇంకోసారి చదువుకున్నాడు. 'మార్కాపురంలో మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. పాటలంటే ప్రాణం. నాకు బూరె అనే కుక్క ఉంది. నన్ను చేసుకునేవాళ్లు బూరెను కూడా ఒప్పుకోవాలి.'

"పదకొండు సంబంధాలు పోయినాయి. గిద్దలూరోళ్లు ఏమన్నారో మర్చిపోయినావా?"

"ఏమన్నారు?"

"పిల్లోడు బాగానే ఉండాడు గానీ, ఆ ఇంట్లో మా పిల్ల కుక్క తర్వాతేనా అన్నారు."

బూరె మంచం కింద పడుకుని వింటోంది. పేరుకు తగ్గట్టు గోధుమరంగులో గుండ్రంగా ఉంటుంది. నాలుగేళ్ల కిందట పలకల క్వారీ దగ్గర కాలు విరిగి మూలుగుతుంటే క్రాంతి చొక్కాలో చుట్టి ఇంటికి తెచ్చాడు. అప్పట్నుంచి అతను కీబోర్డు ముందు కూర్చుంటే చాలు, పక్కన చేరి మోర ఎత్తి తనూ పాడుతుంది.

"ఇదే ఆఖరు," అంది సుశీలమ్మ. "ఈసారి గూడా కుదరకపోతే దీన్ని హనుమంతునిపాడులో మీ మామ చేలో వదిలేసి రావాల. మాటియ్."

ముప్పై నాలుగేళ్ల కొడుకు తల్లి ముఖం చూసి, బూరె ముఖం చూడకుండా, మాటిచ్చాడు.

మూడో రోజు దొనకొండ నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు ఇందు. నర్సు. తల్లి లేదు. ఫోటోలో నవ్వీ నవ్వనట్టు ఉంది. ఆ వెనకే అందులో ఇచ్చిన నంబరు నుంచి మెసేజ్ వచ్చింది.

'మీ వివరాలు చూశాము. బూరె ఏం తింటుంది?'

పన్నెండు సంబంధాల్లో బూరె తిండి గురించి అడిగినవాళ్లు వీళ్లే. క్రాంతి పని ఆపి, గ్రీజు చేతులు తుడుచుకుని, సగం పేజీ జవాబు రాశాడు.

అది మొదలు రోజూ మాటలే. పొద్దున అయిదు కొట్టగానే గులాబీ పువ్వు మీద బైబిలు వాక్యం వచ్చేది. 'ఎంత భక్తి,' అనుకున్నాడు క్రాంతి. పాతపాటలే ఇష్టమని, కొత్తవి చెవికెక్కవని రాసినప్పుడు, 'ఎంత మంచి అభిరుచి,' అనుకున్నాడు. ఒకసారి ధైర్యం చేసి ఫోను చేయమంటారా అని అడిగాడు. 'మాట్లాడటం నాకు చేతకాదు. రాసుకుందాం,' అని వచ్చింది. ఆ బిడియం అతనికి ఇంకా నచ్చింది.

ఒకరోజు ఇలా వచ్చింది: 'మాకూ ఒక కుక్క ఉండేది. అది పోయినాక ఇంట్లో పాట కూడా ఆగిపోయింది. మీతో మాట్లాడుతుంటే మళ్లీ పాడాలనిపిస్తోంది.'

క్రాంతి ఆ పూట మోటారుకు చుట్టాల్సిన తీగ రెండుసార్లు తప్పు చుట్టాడు. మూడు వారాలు నిండిన రోజు ఉండబట్టలేక రాసేశాడు: 'మీ గులాబీ పువ్వు రాకపోతే నాకు తెల్లారదు.'

చాలాసేపటికి జవాబు వచ్చింది. 'ముందు ఇంటికి రండి. బూరెను తప్పక తీసుకురండి.'

పెళ్లిచూపులకు కుక్కేందని సుశీలమ్మ దారి పొడుగునా ఆటోలో సణుగుతూనే ఉంది. కొత్త చొక్కా వేసుకున్న కొడుకూ, స్నానం చేయించుకున్న బూరే ఆమెకు చెరో పక్కన కూర్చున్నారు.

ఇందు తండ్రి ఏబేలు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పెద్ద మీసం. "రాండి," అన్న ఒక్క మాట తర్వాత నోరు విప్పలేదు. క్రాంతి నమస్కారం పెడితే తల పంకించి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పక్కింటి నాగమల్లేశ్వరి వచ్చి సుశీలమ్మను మాటల్లోకి దింపింది.

ఇందు టీ తెచ్చింది. బూరె తోక ఊపుతూ ఎదురెళ్లింది. గ్లాసులు గలగలమన్నాయి. ట్రే కిటికీలో పెట్టి ఇందు మంచమెక్కి నిలబడింది.

ఏబేలు లేచి, బూరె తాడు పట్టుకుని బయటికి నడిచాడు. 'అయిపాయె,' అనుకున్నాడు క్రాంతి. హనుమంతునిపాడు చేను కళ్ల ముందు కనబడింది.

సుశీలమ్మను నాగమల్లేశ్వరి తన ఇల్లు చూపిస్తానని తీసుకుపోయింది. ఇందు మంచం దిగి, చీర సర్దుకుంది.

"ఏమనుకోవద్దు. కుక్కంటే నాకు చిన్నప్పట్నుంచి భయం."

"భయమా? మరి మీ కుక్క పోయినాక ఇల్లు..."

"అదున్నన్నాళ్లూ నేను హాస్టల్లోనే ఉంటి."

"పాటలన్నా ఇష్టమేనా?"

"ఎవరన్నా పాడితే వింటా. ఏ పాట ఏందో చెప్పలేను." కాస్త ఆగి ఆమే అంది. "మీరు మాత్రం ఏదీ దాచకుండా రాసినారంట. అది నాకు నచ్చింది. బూరెతో అలవాటు కావాలంటే నాకొక నెల పడుతుందేమో. ఆగుతారా?"

అతను అడగని వరం అది. అయినా మనసు ఎక్కడో చిక్కుకుంది. ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఆగుతా. కానీ ఇష్టం లేనిదాని గురించి ఇంత ప్రేమగా ఎట్ల రాసినారు?"

ఇందు ఒక్కొక్కటే పైకి జరుపుతూ చదివింది. గులాబీ పువ్వుల దగ్గర పెదవి బిగబట్టింది. పాట ఆగిపోయిందన్న చోట కళ్లు తుడుచుకుంది. తెల్లారదన్న మెసేజ్ దగ్గర ఇక నవ్వు ఆపుకోలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ నంబరు మా నాయనది."