జడల పట్టా

టబ్బులో నీళ్ళు ఎర్రబడ్డాయి.

బాబురావు గుండె గుభేలుమంది. డాబా మీద గొంతుకూర్చున్నవాడు ఒక్క ఉదుటున లేచి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని ఫోనందుకున్నాడు.

“రాజమణీ, కొంప మునిగింది! నీ జడల పట్టా రంగంత దిగుతున్నది. ఏం జెయ్యాలె, జల్ది చెప్పు” అని మెసేజ్ పెట్టాడు.

రేపు రాజమణికి గుండె ఆపరేషన్. వార్డులో ఫోన్ మాట్లాడనివ్వరనీ, వాయిస్ మెసేజ్‌లు పెడతాననీ చెప్పి, నిన్న మధ్యాహ్నమే మొగుణ్ణి మలక్‌పేట ఆసుపత్రి నుంచి ఇంటికి తరిమేసింది. ఆపరేషన్ తర్వాత మంచం దగ్గర దుమ్ము ఉండకూడదన్నాడట డాక్టరు. ఇంట్లో ఉన్న దుమ్మంతా ఆ పట్టాలోనే ఉందట. పాత చీరలు చింపి, పేలికలు జడలల్లి, గుండ్రంగా చుట్టి, మంచం పక్కన పరచడానికి ఆమే కుట్టుకున్న పట్టా అది. “అది ఉతికి ఆరబెట్టినంకనే నాకు మొఖం చూపియ్యి” అంది. ఆపరేషన్‌కు ముందు ఒక్క పూటైనా ఆమె పక్కన కూర్చోవాలని బాబురావు ఆరాటం. అందుకే పొద్దున తొమ్మిదింటికే టబ్బు ముందేసుకున్నాడు.

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. రాజమణి గొంతే.

“ఇగో, ఎర్ర చీర రంగు దిగుతది. పరేషాన్ గాకు. నీళ్ళు మార్చి పిడికెడు ఉప్పెయ్యి. కుంకుడుకాయ రసమే పొయ్యి, సర్ఫు ముట్టియ్యకు. పావుగంట కన్న ఎక్కువ నానబెట్టకు.”

ఆ గొంతు వెనకాల ఎక్కడో అజాన్ వినిపించింది. తొమ్మిదిన్నరకు అజాన్ ఏమిటి? టీవీ అయి ఉంటుందిలే అనుకుని ఉప్పు డబ్బా కోసం కిందికి పరుగెత్తాడు.

పావుగంట తర్వాత పట్టాను పైకి లేపాడు. నీళ్ళు తాగి మణుగు బరువైంది. నల్లాల ఆఫీసులో ముప్పై ఐదేళ్ళు పైపులు బిగించి రిటైరైన చేతులు, వాటంతట అవే మెలిపెట్టబోయాయి. అప్పుడే ఫోన్ మోగింది.

“పిండకు! నీ చేతుల సంగతి నాకెర్క. పిండితే కుట్లు పటపట తెగుతయ్. అరచేతులతోని మెల్లగ ఒత్తు.”

బాబురావు ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. ట్యాంకు మీద రెండు పావురాలు తప్ప ఎవరూ లేరు.

“ఒత్తుతున్న తియ్. నువ్వు తిన్నవా? నిద్ర పట్టిందా రాత్రి?” అని తనూ మెసేజ్ పెట్టాడు.

“పాత దుప్పట్ల చుట్టి, మీదెక్కి తొక్కు. నీళ్ళన్నీ దుప్పటి గుంజుకుంటది” అని వచ్చింది జవాబు.

“అడిగిందొకటి, చెప్పేదొకటి. ముప్పై ఎనిమిదేండ్లసంది ఇదే వరస” అని సణుక్కుంటూ దుప్పటి మీదెక్కి తొక్కాడు.

“తాడు మీద ఎయ్యకు, బరువుకు కుట్లిడుస్తయ్. ట్యాంకు నీడకు పరుచు. ఇడిసిపెట్టి రాకు, పావురాలు ఖరాబ్ చేస్తయ్.”

పరిచాడు. కావలి కూర్చున్నాడు. పదకొండున్నరకు మళ్ళీ మెసేజ్.

“పట్టా ఇంకోసారి తిరగెయ్యి.” వెనకాల అదే అజాన్. చివర చిన్న దగ్గు.

తిరగేశాడు. పన్నెండుకు మళ్ళీ మోగింది. “పట్టా ఇంకోసారి తిరగెయ్యి.” అదే అజాన్, అదే దగ్గు. పన్నెండున్నరకూ అదే మాట. అర్ధగంటకోసారి అజానిచ్చే మసీదు పాతబస్తీలో తనకు తెలియకుండా ఎక్కడుందో బాబురావుకు అర్థం కాలేదు.

కొడుకు ప్రేమ్‌రాజ్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. కోడలు వీణకు చేస్తే ఎత్తింది గానీ గొంతు బొంగురుగా ఉంది.

“మామా, డాక్టర్లొచ్చిన్రు. అత్తమ్మ చెప్పినట్టు చెయ్యి” అని పెట్టేసింది.

ఒంటిగంటకు అదే మెసేజ్. ఒకటిన్నరకు పట్టాను తడిమి చూశాడు. ఎండాకాలం కదా, ఎక్కడా తడి లేదు.

“ఆరింది రాజమణీ! ఒరుగులెక్క ఆరింది. నేనొస్తున్న” అని మెసేజ్ పెట్టి చొక్కా తొడుక్కున్నాడు.

“పట్టా ఇంకోసారి తిరగెయ్యి.”

బాబురావుకు తిక్కరేగింది. “నీకేమన్న చెవుడొచ్చిందా? ఆరిందంటే తిరగెయ్యమంటవేంది!” అని ఫోన్ మీద అరిచాడు. అరిచాక భయమేసింది. రేపు ఆపరేషన్ పెట్టుకున్న మనిషి మీద అరుస్తావా అని తననే తిట్టుకున్నాడు. పోవాలంటే పావురాల భయం, ఆమె భయం. ఉండాలంటే కాలు నిలవడం లేదు. చేసేదేమీ లేక, ఎండిన పట్టాను మళ్ళీ తిరగేసి, దాని పక్కనే చతికిలబడ్డాడు. రెండింటికి ఆరోసారి తిరగేశాడు. రెండున్నరకు ఏడోసారి.

మూడింటికి ఫోన్ మోగింది. పట్టా అంచు పట్టుకునే, మెసేజ్ నొక్కాడు.

“ప్రేమ్‌రాజ్ బాపూ, జర కూసో. కూసున్నవా? నీకు అబద్ధం చెప్పిన. ఆపరేషన్ రేపు గాదు, ఇయ్యాళ పొద్దుగాలనే. ఆ థియేటర్ తలుపు ముంగట నువ్వు కూసుంటే నాకన్న ముందు నిన్నే లోపటికి మోసుకపోవాలె. అందుకే ఇవన్నీ నిన్న పొద్దుగూకంగ, మగ్రిబ్ అజాన్ ఏళకే చెప్పి, ఫోన్ వీణ చేతుల పెట్టిన. ఇది నీదాక వచ్చిందంటే నేను మంచిగ బయటికొచ్చినట్టే, ఏడ్వకు. డాక్టర్ రెండు గంటలల్ల అయితదన్నడు. అంతకన్న ఆలస్యమైతే, నేను బయటికొచ్చేదాక ‘తిరగెయ్యి’ అన్నదే పంపుతుండమన్న. ఎన్నిసార్లు తిరగేసినవయ్యా?”