కిటికీ కింది సందు

"అదొక్కటి మూయొద్దురా అబ్బీ," అన్నాడు ఓబులేసు, వెనక్కి తిరగకుండానే.

భూమేశ్ చేతిలో తాపీ ఆగిపోయింది. కిటికీ కింద జానెడు మేర గోడ పగిలి ఉంది. గల్ఫ్ దేశపు జబల్ అఖ్దర్ కొండగాలి అందులోంచి ఈల వేస్తూ గదిలోకి వస్తోంది.

"గిదేందన్నా? గెస్టులు పండే రూములన్నీ బందోబస్తుగ మూస్తిమి. మనం పండే రూముకే బొక్కనా?"

"పిల్లి వస్తాది."

"నేనొచ్చి నెలాయె. ఒక్క పిల్లిని సూడలే."

"గురక పెట్టేవానికి పిల్లి ఎట్ల కనపడతాది?"

ఆ పాత రాతి ఇంటిని గెస్ట్‌హౌస్ చేయాలని వాళ్లను పనిలో పెట్టుకున్న అర్బాబ్ పట్టుదల. గోడల సందులకు గచ్చు, పైకప్పుకు చలి ఆపే గ్లాస్‌వూల్ దూది, గదికో హీటర్. సందులు పట్టడంలో ఓబులేసు తర్వాతే ఎవరైనా. అగరుబత్తి వెలిగించి గోడ వెంట నడుస్తాడు. పొగ ఎక్కడ వంగితే అక్కడ సందు ఉన్నట్టు. పూత ముగిశాక, ఎప్పుడో రాయి పడి వంకరపోయిన బొటనవేలిని తడి గచ్చు మీద నొక్కుతాడు.

"సంతకమా అన్నా?" అని భూమేశ్ ఏడిపించేవాడు.

"సదువు రానోని సంతకం ఇట్లే ఉంటాది."

పనివాళ్ల వెనక గదికి మాత్రం హీటర్ లేదు. పెడితే ఫ్యూజు పోతోంది. ఉన్నవాళ్లు ఇద్దరే అయినా మంచాల కింద మూడు రేకు పెట్టెలున్నాయి. మూడోది తమ్ముడిదని, వాణ్ణి ఊరికి పంపించేశానని ఓబులేసు ఒకసారి చెప్పాడు. రోజూ పడుకునే ముందు ఆ సందు దగ్గర ఒక అగరుబత్తి వెలిగిస్తాడు. పొగ వంగేదాకా చూసి, అప్పుడు దుప్పటి కప్పుకుంటాడు.

"పిల్లికి పూజనా?" అని భూమేశ్ ఏడిపిస్తే అటు తిరిగి పడుకుంటాడు.

గురువారం భూమేశ్‌కు జ్వరం తగిలింది. ఓబులేసు తన దుప్పటి కూడా అతని మీద కప్పి డ్యూటీకి వెళ్లాడు. రెండు దుప్పట్ల కింద కూడా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. సందులోంచి గాలి నేరుగా చెవిలోకి కొడుతోంది.

'ముసలోనికి మొండితనం తప్ప ఏం లేదు' అనుకుంటూ లేచాడు. మిగిలిన గ్లాస్‌వూల్‌ను సందులోకి కుక్కాడు. పైన గచ్చు మెత్తాడు. వంటింట్లోంచి నిప్పులు రేకు డబ్బాలో తెచ్చి మంచం పక్కన పెట్టుకుని తలుపు వేశాడు.

నెల రోజుల్లో మొదటిసారి ఒళ్లు వెచ్చబడింది. తల మాత్రం పగిలిపోతోంది. జ్వరమే అనుకున్నాడు. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

ఎవరో అతణ్ణి రెక్కలు పట్టి ఈడ్చారు. చల్లగాలి ముఖాన కొట్టింది. వాకిట్లో కూలబడి వాంతి చేసుకున్నాడు. ఎదురుగా రఘుపతి. వారానికోసారి కింది నిజ్వా పట్టణం నుంచి సామాను తెచ్చే డ్రైవరు.

"ఓబులేసన్న నీకు జ్వరం గోళీలు తెమ్మన్నడు. రాకుంటే ఏమయ్యేటోనివిరా?" అంటూ రేకు డబ్బాను కూడా వాకిట్లోకి తెచ్చి పడేశాడు.

"సలికి కొంచెం నిప్పులు పెట్టుకున్న, గంతే."

"అన్ని మూసి బొగ్గులు పెడతార్రా ఎవడన్న? నిరుడు గీ రూములనే ఓబులేసన్న తమ్ముడు గట్లనే పండిండు. మళ్ల లేవలే."

భూమేశ్‌కు మంచం కింది మూడో పెట్టె కళ్ల ముందు మెదిలింది.

"మరి అప్పుడు గా బొక్క?"

"అప్పుడు లేకుండె. ఎవడో సలి పెట్టొద్దని మస్తు పనితనంతోని మూసిండు. తర్వాత ఎవడు పగలగొట్టిండో తెల్వదు."

ఇంతలో ఓబులేసు వచ్చాడు. వాకిట్లో వాంతిని, రేకు డబ్బాను, తెరిచి ఉన్న తలుపును చూశాడు. లోపలికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో తడి గచ్చును, గ్లాస్‌వూల్‌ను పీకసాగాడు. అంతా వచ్చేసిన తర్వాత కూడా అతని వేళ్లు ఆ ఖాళీని గోకుతూనే ఉన్నాయి.

భూమేశ్ గోడ పట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"తప్పయింది అన్నా. ఇగ మూయ."

ఓబులేసు జేబులోంచి అగరుబత్తి తీసి వెలిగించబోయాడు. సందులోంచి వచ్చే గాలికి పుల్లలు ఆరిపోతున్నాయి. భూమేశ్ పుల్ల గీసి, అరచెయ్యి అడ్డుపెట్టి సందు దగ్గర పట్టాడు.

ఆ వెలుగులో, పగిలిన పాత గచ్చు అంచున ఒక వంకర బొటనవేలి ముద్ర కనిపించింది.