గోనె కప్పిన పంజరం

"సువ్వీ! బయటి పండు తినకూడదని తెలీదూ?" మైనా పంజరం కింద కొరికిన జామముక్క చూసి, కాపలా కోడిపుంజు గద్దించింది.

"నేను తినలేదు బాబాయ్!"

"మరి ముక్క నడుచుకుంటూ వచ్చిందా?"

కోడిపుంజు సువ్వి పంజరానికి ఏడురోజులు గోనె కప్పించింది. లోపల్నుంచి కూత వినిపిస్తే ఇంకో ఏడు రోజులన్నది.

రోజూ పొద్దున్నే గోడమీద వాలి సువ్వితో ఊసులాడే ఆమె జతగాడు వచ్చి పిలిచాడు. సువ్వి కూత బిగబట్టి, గోనె చీకట్లో వింటూ ఉండిపోయింది. నాలుగోనాటి నుంచి ఆ పిలుపు వినబడలేదు.

గోనె తీసిన పొద్దున గోడ ఖాళీగా ఉంది. ఎండ మాత్రం ఎప్పట్లాగే బంగారంలా పడుతోంది.

"ఎటు వెళ్లాడో చూశావా చెల్లీ?" పక్క పంజరంలో చిలకని అడిగింది.

చిలక తల వాల్చేసింది.

"నువ్వు లేవనుకుని ఏడుస్తూ వెళ్లిపోయాడక్కా. ఆ జామపండు తిన్నది నేను. ముక్క నీ కిందకి తోసింది కూడా నేనే."